వెలుగుతో ఉపరితలాల వంపులు, సొట్టలు పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో మాదొక చిన్న కొలతల గది. చిత్తూరు నుంచి గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్ళు, ఊళ్ళోని టింకరింగ్ షెడ్ల మేస్త్రీలు, శ్రీసిటీ వైపు కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్ల వాళ్ళు, ప్రాజెక్టు కోసం పాలిటెక్నిక్ పిల్లలు వస్తుంటారు. తెచ్చే వస్తువు ఏదైనా, అడిగేది దాదాపు ఒకటే: "ఇది నున్నగానే ఉండాది, అయినా వంకరగా కనపడతాండాది. ఎంత వంకరో ఎట్లా తెలుసుకోవాల?" వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను.

వెలుగు వేసి చూస్తే ఆకారం ఎట్లా తెలుస్తుంది? స్కేలు పెట్టి కొలిస్తే చాలదా?

పాత్రల అంగట్లో కొత్త ఇత్తడి బిందె కొనేటప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. బిందెను పైకెత్తి, ట్యూబ్‌లైటు కింద మెల్లగా తిప్పుతారు. లైటు గీత బిందె మీద జారుతూ పోతుంది. సొట్ట ఉన్న చోట ఆ గీత ఒక్కసారి మెలిక తిరుగుతుంది. వేలికి అందని సొట్ట కంటికి అందుతుంది. ఈ పేజీలోని పద్ధతుల్లో సగం ఆ బిందె పరీక్షకు పిల్లలే.

అద్దం ఒక డిగ్రీ వంగితే దాని నుంచి తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది. అంటే మెరిసే ఉపరితలం తన వాలును రెట్టింపు చేసి చూపిస్తుంది. ఒక రేకు మీద 50 మి.మీ.కి ఒకటి చొప్పున అలలున్నాయనుకోండి. శిఖరానికీ లోయకూ తేడా 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మామూలు కాగితం మందంలో ఐదో వంతు. స్కేలు ఆనిస్తే ఏమీ తెలియదు. కానీ ఆ అల పక్కన వాలు మీటరుకు 1.25 మి.మీ. ఉంటుంది. ప్రతిబింబం దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి, రెండు మీటర్ల దూరంలో ఉన్న ట్యూబ్‌లైటు అంచు దాదాపు 5 మి.మీ. పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 20 మైక్రాన్లు 5 మిల్లీమీటర్లయ్యాయి. ఏ యంత్రం కొనక ముందే, ఏ కరెంటు ఖర్చూ లేకుండా వచ్చిన పెంపు ఇది.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోవాలి. ప్రతిబింబం మనకు చూపేది ఎత్తు కాదు, వాలు. ఈ తేడా పట్టుబడితే మిగతా ప్రశ్నలకు జవాబులు వాటంతటవే తెలిసిపోతాయి.

గరుకు, అల, ఆకారం వేరువేరా? మాకు అన్నీ ఒకటే అనిపిస్తాయి.

వేరే. మంచి తార్రోడ్డును తలుచుకోండి. అరచేత్తో రాస్తే తగిలే కంకర గరుకు. బండి మీద పోతుంటే నడుముకు తెలిసే ఎగుడుదిగుడు అల. తిరుమల ఘాట్ రోడ్డు మొత్తంగా ఎక్కుతూ మెలికలు తిరగడం ఆకారం. ఒకే రోడ్డు మీద మూడూ ఉంటాయి, ఒకటి బాగున్నంత మాత్రాన ఇంకొకటి బాగున్నట్టు కాదు. దేనివల్ల ఇబ్బంది వస్తోందో ముందు తేల్చుకుంటే, ఏ పద్ధతి వాడాలో సగం తేలిపోయినట్టే.

మా స్లాబుకు మెరుపు కొలిచే గ్లాస్ మీటర్‌లో మంచి రీడింగు వస్తాండాది. అయినా కొనేవాళ్ళు "అలలున్నాయి" అని తిప్పి పంపుతాండారు. ఎవరి మాట నిజం?

చిత్తూరు, కుప్పం వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఇద్దరి మాటా నిజమే. గ్లాస్ మీటరు 60 డిగ్రీల కోణంలో వెలుగు వేసి, అద్దంలా తిరిగొచ్చిన భాగం ఎంతో లెక్కపెడుతుంది. నల్లటి నున్నటి గాజు పలకను 100గా పెట్టుకుని దానితో పోలుస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల చోటులో మెరుపు ఎంతో చెబుతుందే గానీ, ఆ మెరిసే చోటు పక్క చోటుతో సమంగా ఉందా లేదా అన్నది దాని పని కాదు. అది గరుకును చూసే పరికరం. కొనేవాడు చూస్తున్నది అల.

పాలిషింగ్ లైన్‌లో అరగదీసే రాళ్ళు బిగించిన తలలు అటూ ఇటూ ఊగుతూ పోతాయి. ఒక తల మీద రాయి అరిగి, పక్కదాని మీద కొత్తది ఉంటే, లేదా బెల్టు వేగానికీ తల ఊపుకూ పొందిక కుదరకపోతే, స్లాబు మీద అడ్డంగా సన్నటి దారులు పడతాయి. ఆ దారిలో కూడా మెరుపు నిండుగానే ఉంటుంది. అందుకే మీటరు ఏమీ అనదు.

స్లాబును నిలబెట్టండి. ఎదురుగా మూడు నాలుగు మీటర్ల దూరంలో తెల్లటి గోడ మీద నల్ల టేపుతో నిలువుగా, అడ్డంగా గళ్ళు గీయండి. స్లాబులో ఆ గళ్ళ ప్రతిబింబం చూస్తూ పక్కకు నడవండి. మీరు కదిలే కొద్దీ గీతలు ఈత కొట్టినట్టు ఊగితే అల ఉంది. ఆ ఊపు స్లాబు పొడవునా ఒకే ఎడంతో మళ్ళీ మళ్ళీ వస్తే తప్పు తల ఊపులోదే. రాయిని తిట్టి లాభం లేదు.

ప్రైమర్ మీద బాగున్న రేకు, గ్లాసీ పెయింట్ వేశాక వంకరగా కనపడతాండాది. పెయింటరు తప్పేనా?

పెయింటరును నిందించే ముందు నా కథ వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక విడిభాగాల యూనిట్‌లో తనిఖీ చేసేవాణ్ణి. ప్రెస్‌లో కొట్టిన రేకులు మ్యాట్ ప్రైమర్ వేసుకుని నా బల్ల మీదికి వచ్చేవి. డయల్ గేజి (ఎత్తు తేడాను ముల్లుతో చూపే పరికరం) పెట్టి ప్రతి 100 మి.మీ.కి ఒక చోట చదివాను. ముల్లు దాదాపు కదల్లేదు. ఒక బ్యాచ్ మొత్తానికి సంతకం పెట్టాను. నల్ల గ్లాసీ పెయింట్ పడ్డాక అవే రేకులు నీటి మీద వెన్నెలలా ఊగుతూ కనిపించాయి. బ్యాచ్ మొత్తం వెనక్కి వచ్చింది.

రాత్రంతా కూర్చుని చూస్తే అర్థమైంది. రేకు మీద అల 50 మి.మీ.ది. నేను కొలిచిన ఎడం 100 మి.మీ. ప్రతిసారీ సరిగ్గా రెండు అలలు దాటి, మళ్ళీ అల అదే చోట ముల్లు పెడుతూ వచ్చాను. అన్ని శిఖరాలూ ఒకే ఎత్తు కదా, గేజి ఇంకేం చెబుతుంది? ముల్లు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఉపరితలం మొత్తాన్నీ ఒకేసారి చూపించే వెలుగు మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

మ్యాట్ ప్రైమర్ వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, ప్రతిబింబం ఏర్పడదు. అల అప్పుడూ ఉంది, చూపించే అద్దం లేదు. అందుకని పెయింట్ వేయకముందే కొద్దిసేపు అద్దం చేయాలి. శుభ్రమైన బట్టతో పలచగా నూనె పూయడం కార్ల ఫ్యాక్టరీల్లో పాత అలవాటు. పని అయ్యాక ఆ నూనెను పూర్తిగా తుడిచి కడగాలి, లేకపోతే పెయింట్ పట్టదు. షెడ్లలో నీళ్ళతో తడిపి చూస్తారు, అది కూడా పని చేస్తుంది, ఆరిపోయే లోపల చూడాలి అంతే.

మా మేస్త్రీ చెంప బానెట్‌కు ఆనించినంత పని చేసి, వంగి చూస్తాడు. అందులో ఏమైనా ఉందా?

చాలా ఉంది. గరుకు ఉపరితలం కూడా బాగా వాలుగా చూస్తే అద్దంలా మారుతుంది. ఏటవాలు పెరిగే కొద్దీ గరుకు గుట్టల ఎత్తు తేడా వెలుగు తరంగానికి చిన్నదిగా లెక్కకొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం రాకముందే ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ దీనికి లెక్క కట్టాడు. మీ మేస్త్రీకి ఆ పేరు తెలియకపోవచ్చు, లెక్క మాత్రం ఆయన మెడకు తెలుసు. ఒక మ్యాట్ కాగితాన్ని కంటి ఎత్తులో పట్టుకుని కిటికీ వైపు చూడండి, మీకే కనిపిస్తుంది.

ఇదే ఉపాయాన్ని ఇంకో దారిలో కూడా వాడతారు: తరంగాన్నే పెద్దది చేయడం. 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఉండే ఉష్ణ పరారుణ కిరణాలకు, కంటికి మ్యాట్‌గా కనిపించే పచ్చి రేకు కూడా అద్దమే.

నల్ల కార్లలోనే సొట్టలు ఎక్కువ కనపడతాయెందుకు?

సొట్టలు ఎక్కువ కాదు, అడ్డు తక్కువ. తెల్ల పెయింట్ లోపలి నుంచి కూడా వెలుగు చెదిరి బయటికొస్తుంది, అది ప్రతిబింబం మీద తెర వేసినట్టు పడుతుంది. నలుపులో ఆ తెర లేదు.

ఇన్ని పేర్లు చెబుతారు కదా, మా వస్తువుకు ఏ పద్ధతి సరిపోతుందో ఎట్లా తేల్చుకోవాలి?

నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఆ వస్తువులో మీ ముఖం కనిపిస్తుందా? పట్టుకోవాల్సిన లోపం ఎంత లోతు?

ముఖం కనిపిస్తే చారలను అందులో ప్రతిబింబంగా చూడాలి. కనిపించకపోతే చారలను దాని మీదే వేయాలి. ఈ రెండింటినీ తారుమారు చేసి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. పెయింట్ వేసిన మెరిసే భాగాల కోసం ప్రొజెక్టర్ స్కానర్ కొన్న ఒకాయన, ప్రతి భాగానికీ తెల్ల పొడి స్ప్రే చేసి, కొలిచి, కడిగి, ఆరబెట్టి పంపాల్సి వచ్చింది.

లోతు సంగతికొస్తే, మిల్లీమీటర్లలో ఉంటే లేజర్ గీత చాలు. పదుల మైక్రాన్లు అయితే చారల పద్ధతులు. ఒక మైక్రాన్ కంటే తక్కువంటే వ్యతికరణం, అంటే వెలుగు తరంగాన్నే స్కేలుగా వాడటం. మెరిసే వాటి మీద పొట్టి పొట్టి అలలను పట్టడంలో మాత్రం చారల ప్రతిబింబం ఈ వరుసను దాటి, మైక్రాన్ కంటే ఎంతో కిందికి పోగలదు.

చారల ప్రతిబింబం పద్ధతిని ఇంట్లో చేసి చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. దీన్ని డిఫ్లెక్టోమెట్రీ అంటారు. ఒక కంప్యూటర్ మానిటర్, ఒక ఫోన్ కెమెరా, చీకటి చేయగలిగిన గది, ఇవి చాలు. మానిటర్ మీద నలుపు తెలుపు చారల బొమ్మ పెట్టండి. వస్తువును దాని ఎదురుగా ఉంచి, వస్తువులో చారలు కనిపించే చోట ఫోన్‌ను స్టాండుకు బిగించండి. చేత్తో పట్టుకుంటే పనికిరాదు.

పిల్లలు తరచుగా తప్పు చేసేది ఫోకస్ దగ్గర. చారలు స్పష్టంగా రావాలని ప్రతిబింబం మీద ఫోకస్ చేస్తారు. అప్పుడు ఉపరితలమే మసకబారుతుంది, లోపం ఎక్కడుందో గుర్తించలేరు. ఫోకస్ ఉపరితలం మీదే ఉండాలి. చారలు మసకబారతాయి, నిజమే. అందుకే నలుపు తెలుపు అంచులు కోసినట్టుండే చారలు కాకుండా, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే సైన్ తరంగం చారలు వాడతారు. మసకబారితే అలాంటి చారల గాటు తగ్గుతుందే గానీ, వాటి స్థానం మారదు. మనకు కావలసింది స్థానమే.

లెక్క కూడా కావాలంటే చారలను పావు వంతు చొప్పున జరుపుతూ నాలుగు ఫోటోలు తీయండి. ప్రతి పిక్సెల్ దగ్గర నాలుగు వెలుగు విలువలు వస్తాయి. వాటి తేడాల నుంచి ఆ పిక్సెల్‌కు తెర మీది చారలో ఏ చోటు కనిపిస్తోందో తేలుతుంది. నాలుగు ఫోటోలూ ఒకే వస్తువువి కాబట్టి రంగు మచ్చలు, గదిలోని మిగతా వెలుగు తీసివేతలో పోతాయి. ఇంత అందమైన లెక్క ఇంత సులువుగా దొరకడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది.

ఇక్కడొక పరిమితి ఉంది. ప్రతిబింబం జరిగిందంటే అక్కడ వాలు మారి ఉండొచ్చు, లేదా వస్తువే కొంచెం ముందుకో వెనక్కో ఉండొచ్చు. ఒక్క కెమెరాకు ఈ రెండింటి తేడా తెలియదు. అందుకే చిన్న అలలు, సొట్టలు పట్టడంలో ఈ పద్ధతికి తిరుగులేదు గానీ, మొత్తం పలక ఎంత వంగిందో చెప్పమంటే తడబడుతుంది. దానికి రెండో కెమెరానో, ఆకారం ముందే తెలిసిన అద్దమో తోడు కావాలి. అమ్మేవాళ్ళు ఈ మాట ముందుగా చెప్పరు.

తెలిసిన అద్దం అంటే గోడ అద్దం కాదు. దాని పూత వెనక ఉంటుంది, ముందు గాజు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, రెండు ప్రతిబింబాలు వస్తాయి. అద్దానికి వేలి కొన ఆనించండి. వేలికీ దాని ప్రతిబింబానికీ మధ్య ఖాళీ కనిపిస్తే పూత వెనక ఉన్నట్టు, రెండూ ముట్టుకుంటే ముందు ఉన్నట్టు. కేరళలోని ఆరన్ముళ లోహపుటద్దం రెండో రకానిదే.

మెరవని పోతపోసిన భాగాలు, ప్లాస్టిక్ మూతలు ఎట్లా చూడాలి?

చారలను ప్రొజెక్టర్‌తో వాటి మీద వేసి, పక్క కోణం నుంచి కెమెరాతో చూడాలి. మెట్ల మీద పడిన కరెంటు స్తంభం నీడ మెట్టు మెట్టుకూ విరిగినట్టే, ఎత్తు మారిన చోట చార పక్కకు జరుగుతుంది. ప్రొజెక్టర్, కెమెరా మధ్య కోణం ఎక్కువైతే ఎత్తు బాగా తెలుస్తుంది, కానీ లోతు గుంటల్లో నీడలు పడి కొంత భాగం కనిపించకుండా పోతుంది. ఎక్కువమంది 20 నుంచి 30 డిగ్రీల దగ్గర రాజీ పడతారు.

మెరిసే వస్తువుకు తెల్ల పొడి స్ప్రే తప్పనిసరి అయితే, ఆ పొడి పొరకు కూడా మందం ఉంటుందని మరవద్దు. చెయ్యి తిరగనివాళ్ళు కొడితే పదుల మైక్రాన్లు పేరుకుంటుంది. 30 మైక్రాన్ల లోపం వెతుకుతూ 30 మైక్రాన్ల పొడి కొట్టడంలో అర్థం లేదు.

మ్వారే అంటే ఏమిటి?

రాత్రి దోమతెర రెండు మడతలుగా పడిన చోట పెద్ద పెద్ద వంకర చారలు కదలడం చూసే ఉంటారు. అదే మ్వారే. సన్నటి గీతలున్న చట్రాన్ని వస్తువు ముందు పెట్టి ఏటవాలుగా వెలుగు వేస్తే, గీతలూ వాటి నీడలూ కలిసి, కొండల మ్యాపులో సమోన్నత రేఖల్లాంటి గీతలు వస్తువు మీద నేరుగా కనిపిస్తాయి. 1 మి.మీ. ఎడం గీతలు, 45 డిగ్రీల వెలుగు, ఎదురుగా కన్ను అయితే, ఒక రేఖ నుంచి ఇంకో రేఖకు ఎత్తు తేడా 1 మి.మీ. 1970లో జపాన్‌కు చెందిన తకసాకి దీన్ని మనిషి ఒంటి మీద చేసి చూపాడు. వెన్నెముక వంకర ఉన్న పిల్లలను గుర్తించడానికి కూడా ఇది పనికొచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌లో సర్క్యూట్ బోర్డు సోల్డర్ వేడికి, అంటే 240 డిగ్రీలు దాటినప్పుడు, ఎంత వంకర పోతుందో కొలవడానికి వాడతారు. చల్లగా ఉన్నప్పుడు చదునుగా ఉండే బోర్డు వేడిలో అప్పడంలా లేవడం కళ్ళారా చూడొచ్చు.

పంపు సీలు ముఖాలకు "మూడు లైట్ బ్యాండ్ల లోపల" అని డ్రాయింగులో రాశారు. అదేమి కొలత?

ఆప్టికల్ ఫ్లాట్ అనే, బాగా చదును చేసిన గాజు బిళ్ళను సీలు ముఖం మీద పెట్టి, ఒకే రంగు వెలుగులో చూస్తే పట్టీలు కనిపిస్తాయి, లైట్ బ్యాండ్లంటే ఇవే. గాజుకూ లోహానికీ మధ్య ఉన్న గాలి పొర మందం సగం తరంగదైర్ఘ్యం మారిన ప్రతిచోటా ఒక కొత్త పట్టీ వస్తుంది. సోడియం వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు (0.589 మైక్రాన్), కాబట్టి ఒక పట్టీ అంటే సుమారు 0.29 మైక్రాన్. మూడు పట్టీలంటే ఒక మైక్రాన్‌కు కొంచెం తక్కువ. ఆ మాత్రం వంకర దాటితే సీలు ముఖాల మధ్య నీళ్ళు దారి చేసుకుంటాయి.

పట్టీలు తిన్నగా, సమాన ఎడంతో ఉంటే ముఖం చదును. ఎన్ని పట్టీలున్నాయన్నది లెక్క కాదు, చాలామంది అదే లెక్కపెట్టి కంగారు పడతారు. గాజు ఒక పక్క కొంచెం లేచి ఉంటే పట్టీలు ఎక్కువ వస్తాయి, అంతే. చూడాల్సింది వంపు. ఒక పట్టీ రెండు కొసలను కలుపుతూ దారం పట్టినట్టు ఊహించుకోండి. నడుమ భాగం ఆ దారం నుంచి ఎంత జరిగిందో చూసి, దాన్ని పట్టీల మధ్య ఎడంతో భాగించండి. సగం జరిగితే సగం పట్టీ, అంటే 0.15 మైక్రాన్.

గుండ్రటి వలయాలు వస్తే మధ్యలో గుట్టా గుంటా అన్న సందేహం వస్తుంది. గాజును కదపకుండా మీ తల మెల్లగా కిందికి దించండి. వాలుగా చూసే కొద్దీ పట్టీలు గాలి పొర మందంగా ఉన్న వైపుకు జరుగుతాయి. వలయాలు బయటికి పోతే మధ్యలో గుట్ట, అంటే కుంభాకారం. లోపలికి ముడుచుకుంటే గుంట, పుటాకారం.

సోడియం దీపం లేదని ఆగిపోవద్దు. పాత ట్యూబ్‌లైటు వెలుగులో పాదరసం ఇచ్చే ఆకుపచ్చ గీత 546 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాని ముందు వెలుగు దాటే ఆకుపచ్చ కాగితం (సెల్లోఫేన్) అడ్డుపెట్టి చూస్తే పట్టీలు వస్తాయి, ఒక్కో పట్టీ 0.27 మైక్రాన్. ఆకుపచ్చ ఎల్‌ఈడీతో కూడా వస్తాయి గానీ, గాలి పొర నాలుగైదు మైక్రాన్లు దాటితే మాయమైపోతాయి.

దుమ్ము విషయంలో మాత్రం నిర్దయగా ఉండండి. ఐదు మైక్రాన్ల రేణువు ఒక్కటి ఇరుక్కుంటే గాజు 17 పట్టీల ఎత్తు లేస్తుంది. రెండు ముఖాలనూ ఆల్కహాల్‌తో తుడిచి, పైనుంచి నెమ్మదిగా దించాలి. పొడిగా ఈడ్చితే గాజు మీద పడే గీత జన్మంతా ఉంటుంది.

ఎండాకాలం మధ్యాహ్నం కొలిస్తే ఒకటి, పొద్దున కొలిస్తే ఇంకొకటి వస్తాండాది.

కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన తిరుపతి మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలంటే 22 డిగ్రీల తేడా. మీటరు పొడవు ఉక్కు డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది, మొత్తం పావు మిల్లీమీటరు. అంతా ఒకేలా సాగితే ఆకారం చెడదు, సరిదిద్దుకోవచ్చు. పై భాగం వేడిగా, కింది భాగం చల్లగా ఉంటేనే పలక వంగుతుంది. ఎండలో ఆటో మీద తెచ్చిన గ్రానైట్ సర్ఫేస్ ప్లేటును వెంటనే కొలవమని తొందర పెట్టకండి. రాత్రంతా గదిలో ఉండనివ్వండి, రాయి వేడిని తొందరగా వదలదు. ఆప్టికల్ ఫ్లాట్‌ను అరచేతిలో కాసేపు పట్టుకున్నా పట్టీలు వంగిపోతాయి.

అదురు ఇంకో శత్రువు. మా గదికి రైలు పట్టాలు దూరం కాదు. గూడ్సు బండి పోతుంటే వ్యతికరణ పట్టీలు వణుకుతాయి, అది పోయే దాకా చేతులు కట్టుకుని కూర్చుంటాం. సూక్ష్మమైన కొలతలన్నీ తెల్లవారుజామున, ఫ్యాన్లు ఆపి చేస్తాం.

టెలిస్కోపు అద్దం సొంతంగా నూరుతున్నాను. పరీక్షకు ఖరీదైన పరికరం కావాలా?

మదనపల్లె నుంచి ఒక అబ్బాయి ఇది అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. వద్దు నాయనా, గడ్డం గీసుకునే బ్లేడు చాలు. 1858లో ఫ్రాన్సులో లియోన్ ఫూకో కనిపెట్టిన పరీక్ష ఇది. అద్దం వక్రతా కేంద్రం దగ్గర సూదిరంధ్రం గుండా వెలుగు పంపి, తిరిగొచ్చి ఒక చుక్కగా కలిసే చోట బ్లేడు అంచుతో అడ్డంగా కోస్తూ, బ్లేడు వెనక నుంచి అద్దాన్ని చూడాలి. అద్దం సరైన గోళమైతే మొత్తం ఒకేసారి సమంగా మసకబారుతుంది. ఎక్కడైనా వాలు తప్పితే ఆ భాగం ముందే చీకటి పడుతుంది, లేదా వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రపు ఎండలో శేషాచలం కొండలు లోయలు తేలినట్టు, అద్దం మీద మైక్రాన్‌లో పదో వంతు గుట్టలు కూడా కళ్ళ ముందు తేలుతాయి. పూత అక్కర్లేదు, ఉత్త గాజు తిప్పి పంపే నాలుగు శాతం వెలుగే చాలు.

150 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న అద్దానికి గోళానికీ, టెలిస్కోపుకు చివరికి కావలసిన పరావలయానికీ మధ్యలో కలిపి చూస్తే అంచు దగ్గర తేడా 0.29 మైక్రాన్ మాత్రమే. ఇందాక చెప్పిన ఒక్క సోడియం పట్టీ. ఆ ఒక్క పట్టీ కోసమే ఇన్నాళ్ళ నూరుడు. కుప్పానికి దూరం కాని కావలూరు కొండ మీద, 1986 నుంచి పనిచేస్తున్న వైనుబప్పు టెలిస్కోపులో 2.34 మీటర్ల అద్దం ఉంది, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థలో నూరి మెరుగు పెట్టింది. వీలైతే పోయి చూసి రా.

యంత్రం "ఓకే" అంటే నమ్మొచ్చా?

1990 ఏప్రిల్‌లో ఆకాశంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లు. అప్పటికి ఎంతో నునుపుగా మెరుగు పెట్టిన అద్దాల్లో అదొకటి. నునుపు అద్భుతం, ఆకారం తప్పు. అంచు దగ్గర రెండు మైక్రాన్ల పైచిలుకు ఎక్కువ చదునైపోయింది. కారణం, అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మి.మీ. తప్పు చోట బిగించడం. తప్పు కొలబద్దకు తగ్గట్టు అద్దాన్ని ఎంతో శ్రద్ధగా నూరారు. ఇంకో రెండు సాదా పరీక్షలు తేడా ఉందని చెప్పాయి, కానీ అవి అంత ఖచ్చితమైనవి కావని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి సరిదిద్దే దాకా బొమ్మలు మసకగానే వచ్చాయి.

కాబట్టి నా గదిలో ఏ ముఖ్యమైన భాగాన్నీ ఒకే పద్ధతితో పాస్ చేయను. చారల లెక్క ఒకటి చెబితే, ట్యూబ్‌లైటు కింద తిప్పి చూసి కన్ను కూడా అదే చెబుతోందా అని చూస్తాను. రెండూ పోట్లాడుకుంటే భాగం పక్కన పెడతాను, తక్కువ ఖరీదు పరీక్షే తప్పని ముందే తీర్మానించుకోను.

ఇంటి గోడకు పెయింట్ వేశాక రాత్రి లైటులో అలలు కనపడతాండాయి.

గోడకు ఆనుకున్నట్టుండే లైటు వాలుగా పడి చిన్న గుట్టకు కూడా పొడుగాటి నీడ ఇస్తుంది. పుట్టీ దశలోనే, చీకటి పడ్డాక, చేతి దీపాన్ని గోడకు ఆనించి నడిపించి చూడమనండి. నీడ పడిన చోట పెన్సిలుతో గుండ్రం చుట్టి ఉప్పుకాగితం పట్టించాలి. పెయింట్ అయ్యాక చేయగలిగింది తక్కువ, మెరుపు లేని రంగు వేసుకోవడం, లైటు చోటు మార్చడం.

కొత్త హోటళ్ళ అద్దాల గోడల్లో ఎదుటి మేడలు వంకరగా కనిపిస్తాయి. గాజు నాసిరకమా?

కానక్కర్లేదు. ఫ్లోట్ గాజు, అంటే కరిగిన తగరం మీద తేల్చి చేసే గాజు, 1959లో పిల్కింగ్టన్ కంపెనీ లోకానికి చాటినప్పటి నుంచి, చాలా చదునుగానే వస్తోంది. దాన్ని గట్టిపరచడానికి కొలిమిలో 600 డిగ్రీలు దాటించి రోలర్ల మీద నడిపిస్తారు. మెత్తబడిన గాజు రోలర్ల మధ్య కొంచెం కుంగి, చల్లారాక ఆ అల అలాగే నిలిచిపోతుంది. ఈ రోలర్ అలను కూడా గీతల బోర్డు ప్రతిబింబంతోనే కొలుస్తారు.

టైరు లోపలి పొర ఊడటం బయటి నుంచి తెలుస్తుందా?

తెలుస్తుంది. టైరును శూన్యం చేసే గదిలో పెట్టి గాలి ఒత్తిడి తగ్గిస్తారు. లోపల పొర ఊడిన చోట చిక్కుకున్న గాలి ఉబ్బి, బయటి రబ్బరును కొన్ని మైక్రాన్లు తోస్తుంది. లేజర్ వెలుగులో ముందొకటి, తర్వాత ఒకటి చిత్రం తీసి పోలిస్తే అక్కడ సీతాకోకచిలుక రెక్కల్లాంటి జంట వలయాలు తేలుతాయి. షీరోగ్రఫీ అంటారు. విమానాల టైర్లకు, రీట్రెడింగ్‌కు ముందు పాత టైర్లకు వాడతారు. బయటి ఆకారంలో వచ్చిన మార్పు లోపలి జబ్బును చెప్పడం ఇది.

లేజర్ వాడితే కళ్ళకు ప్రమాదమా?

ఒక మిల్లీవాట్ లోపలి కంటికి కనిపించే లేజర్‌కు రెప్ప వేయడమే రక్షణ. అంతకు మించినదైతే, మెరిసే భాగం నుంచి తిరిగొచ్చే కిరణం కూడా నేరు కిరణమంత ప్రమాదం. వాచీ, ఉంగరం తీసేసి పని చేయండి. కనిపించని పరారుణ లేజర్ ఉన్న గదిలోకి పిల్లలను రానివ్వను.

యంత్రం కొనే ముందు ఏం చూడాలి?

అమ్మేవాళ్ళ నమూనా మీద చూపే ప్రదర్శనను చూసి బయానా ఇవ్వకండి. మీ దగ్గర బాగా వచ్చినవి రెండు, బాగా చెడినవి రెండు, అటూ ఇటూ తేల్చలేనివి రెండు తీసుకుపోండి. అసలు పరీక్ష ఆఖరి రెండింటితోనే. ఒకే భాగాన్ని పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి పదిసార్లు కొలిపించండి. తీయకుండా పదిసార్లు కొలిస్తే ఏ యంత్రమైనా ఒకటే చెబుతుంది. మీ షెడ్డులో, మీ వెలుగులో, మీ పనివాళ్ళ చేతుల్లో ఆడించి చూడాలి. పదిసార్లకు వచ్చిన అటూ ఇటూ, మీరు పట్టుకోవాల్సిన లోపంలో పదో వంతు దాటితే నాకు నచ్చదు.

మీ దగ్గరికి తెచ్చేటప్పుడు భాగాన్ని ఎట్లా తేవాలి?

ముందు రోజు సాయంత్రమే తెచ్చి వదిలిపోండి, గది వేడికి అలవాటు పడుతుంది. మెరిసే ముఖానికి న్యూస్‌పేపర్ చుట్టవద్దు, మెత్తటి నూలుబట్ట చుట్టండి. ఏ వైపు ప్రెస్‌లోకి ముందు పోయిందో, ఏ వైపు పాలిషింగ్ తల మొదట తగిలిందో మార్కర్‌తో బాణం గీయండి. అల ఏ దిక్కున నడుస్తోందో ఆ బాణంతో పోల్చి చూస్తేనే తప్పు ఏ మిషన్ దగ్గర మొదలైందో చెప్పగలను.